డ్రాఫ్ట్ బోర్డు డైరీ: ఎవరు ముందు, ఎంత నమ్మకంతో

జనవరి 2025

అమెరికా బాస్కెట్‌బాల్ లీగ్ ఎన్‌బీఏలో టీమ్‌లు ఏటా కొత్త ఆటగాళ్ళను వంతులవారీగా ఎంచుకుంటాయి, అదే డ్రాఫ్ట్. ఈ ఏడాది డ్రాఫ్ట్‌కు సొంత బోర్డు, అంటే ఆటగాళ్ళ ర్యాంకుల జాబితా, తయారుచేయడం మొదలుపెట్టాను. జూన్ చివరి వారానికి కుర్రాళ్ళ పేర్లు వరుసలో ఉండాలి. ఒక్కో పేరు పక్కన ఆ స్థానం ఎందుకిచ్చానో ఉండాలి. ఆ కారణాన్ని ఎంతవరకు నమ్మవచ్చో కూడా ఉండాలి. ఈ మూడోదే అసలు పని. వరుస రాయడం ఎవరికైనా వచ్చు.

ముందే తేల్చుకున్న సంగతి ఒకటుంది: ఇది మాక్ డ్రాఫ్ట్ కాదు. ఏ టీమ్ ఎవరిని తీసుకుంటుందో ఊహించేది మాక్. దానికి ఏ ఏజెంట్ ఏం లీక్ చేస్తున్నాడో, ఏ జనరల్ మేనేజర్ ఉద్యోగం ఊగుతోందో తెలియాలి. ఎవరు ఎంత మంచి ఆటగాడవుతాడో చెప్పేది బోర్డు. 2014లో నికోలా యోకిచ్ రెండో రౌండ్‌లో పోతాడని రాసిన మాక్ కరెక్టే, అతను 41వ పిక్‌గానే (ఎంపికగానే) వెళ్ళాడు. అదే బోర్డులో 41 అని రాసి ఉంటే, తర్వాత మూడుసార్లు ఎంవీపీ (సీజన్‌లో అత్యుత్తమ ఆటగాడు) అయిన మనిషిని నలభై మంది కింద పడేసినట్టు.

పాత ఆటగాళ్ళ నంబర్ల నుంచి నేర్చుకుని కొత్తవాళ్ళను అంచనా వేసే కంప్యూటర్ మోడల్ ఒకటి కడుతున్నాను. దానికి పాత డేటా 2006 డ్రాఫ్ట్ నుంచి తీసుకుంటున్నాను. డ్రాఫ్ట్ జరిగే క్యాలెండర్ సంవత్సరంలో 19 నిండాలి, అమెరికా కుర్రాడైతే హైస్కూల్ తర్వాత ఒక ఏడాది గడవాలి అన్న నిబంధన ఆ ఏడాది నుంచే అమలైంది. అంతకుముందు కెవిన్ గార్నెట్, కోబీ బ్రయంట్, లెబ్రాన్ జేమ్స్ హైస్కూల్ నుంచి నేరుగా వచ్చేశారు. వాళ్ళకు కాలేజీ నంబర్లే లేవు, మోడల్‌కు వాళ్ళు పనికిరారు. (లెబ్రాన్ పనికిరాని డేటాసెట్ అనుకుంటే నవ్వొస్తుంది.) చివరి హద్దు 2018. ఆ బ్యాచ్‌కు ఈ సీజన్‌తో ఏడేళ్ళు పూర్తవుతాయి.

ఏడేళ్ళు ఎందుకంటే, టార్గెట్ కాలమ్ దాని మీదే ఆధారపడి ఉంది. మోడల్ ఊహించాల్సింది ఏమిటి? కెరీర్ మొత్తం పాయింట్లా? ఆడిన నిమిషాలా? నిమిషాలు తీసుకుంటే ఒక చిక్కుంది. పై పిక్‌గా వచ్చినవాడికి టీమ్ ఎలాగూ ఎక్కువ నిమిషాలు ఇస్తుంది, పెట్టిన పెట్టుబడిని అంత తొందరగా వదులుకోదు కదా. 1995లో బారీ స్టా, హా హోయాంగ్ అనే ఇద్దరు పరిశోధకులు చూపించింది ఇదే. ఆట తీరును లెక్కలోకి తీసుకున్నాక కూడా, ముందు ఎంపికైన వాళ్ళకు ఆడే సమయం ఎక్కువ దొరికింది, లీగ్‌లోనూ ఎక్కువ కాలం నిలిచారు. అంటే నిమిషాలను టార్గెట్‌గా పెట్టుకుంటే, నా మోడల్ మంచి ఆటగాణ్ణి కాదు, పాత మేనేజర్ల మొండితనాన్ని నేర్చుకుంటుంది.

చివరికి మొదటి ఏడు సీజన్లలో మెరుగైన మూడింటి సగటు విలువ దగ్గర ఆగాను. విలువకు వోర్ప్ వాడుతున్నాను. లీగ్‌లో సులువుగా దొరికే ఆటగాడితో పోలిస్తే ఇతను ఎంత అదనంగా ఇచ్చాడో చెప్పే కొలత అది. నిమిషాల ప్రభావం అందులోనూ కొంత ఉంటుంది కానీ, మెరుగైన మూడేళ్ళే చూస్తే చాలావరకు తగ్గుతుంది.

మరి ఏడేళ్ళు ఎప్పటినుంచి లెక్కపెట్టాలి? యోకిచ్ డ్రాఫ్ట్ అయిన ఏడాదికి గానీ అమెరికా రాలేదు. జోయెల్ ఎంబీడ్ మూడో పిక్‌గా వచ్చి, గాయాల వల్ల మొదటి రెండు సీజన్లలో ఒక్క ఆటా ఆడలేదు. యూరప్‌లో ఉండిపోయిన వాళ్ళకు వచ్చిన రోజు నుంచి లెక్కపెడుతున్నాను. గాయంతో కూర్చున్న సీజన్‌ను మాత్రం సున్నాగానే ఉంచుతున్నాను. కఠినంగా అనిపించవచ్చు, కానీ ఆ రెండేళ్ళు టీమ్ ఎంబీడ్ కోసం ఒక స్థానం ఖాళీ ఉంచి ఎదురుచూసింది. గాయాలు వదలని గ్రెగ్ ఓడెన్ కెరీర్ మొత్తం 105 ఆటలే. ఆరోగ్యం కూడా ఆటలో భాగమే.

డ్రాఫ్ట్ కాని వాళ్ళను కూడా చేర్చాను. ఇది తప్పనిసరి. ఎంపికైన అరవై మందినే చూస్తే, స్కౌట్లు అప్పటికే వడకట్టిన గుంపులోని తేడాలే కనిపిస్తాయి. తర్వాత బాగా రాణించిన పొట్టి పాయింట్ గార్డు (ఆట నడిపించే ఆటగాడు) ఫ్రెడ్ వాన్‌వ్లీట్‌ను 2016లో ఎవరూ తీసుకోలేదు. అలాంటివాడు లేని డేటాతో "పొట్టి పాయింట్ గార్డులు పనికిరారు" అన్న తీర్మానానికి సులువుగా వచ్చేస్తాం.

ఫిబ్రవరి

నెలంతా షూటింగ్ శాతాలతోనే గడిచింది.

ఒక కాలేజీ సీజన్‌లో మంచి షూటర్ సుమారు 150 త్రీలు (దూరం నుంచి వేసే మూడు పాయింట్ల షాట్లు) ప్రయత్నిస్తాడనుకుందాం. అతని అసలు సామర్థ్యం 35 శాతం. అయినా కేవలం అదృష్టం వల్ల ఆ సీజన్ నంబరు అటో ఇటో దాదాపు 4 శాతం జరగడం మామూలే. అంటే 31 వేసినవాడూ 39 వేసినవాడూ ఒకే స్థాయి షూటర్లు కావచ్చు. టీవీలో మొదటివాణ్ణి "షూటింగ్ రాదు" అంటారు, రెండోవాణ్ణి "స్నైపర్" అంటారు.

దీనికి తెలిసిన మందే వాడాను: ప్రతివాడి లెక్కకూ సగటు ఆటగాడి షాట్లు కొన్ని కలపడం. ఇద్దరు ఊహా షూటర్లను తీసుకోండి. ఒకడు 40 ప్రయత్నాల్లో 18 వేశాడు, 45 శాతం. రెండోవాడు 210లో 82 వేశాడు, 39 శాతం. ఇద్దరికీ 34 శాతం చొప్పున 200 సగటు షాట్లు కలిపితే, మొదటివాడు 240లో 86, అంటే 35.8 శాతం. రెండోవాడు 410లో 150, అంటే 36.6 శాతం. వరుస తారుమారైంది. రెండోవాడు తన నంబరును సొంతంగా సంపాదించుకున్నాడు, మొదటివాడికి ఇంకా సగటే అప్పు ఇస్తోంది.

ఫ్రీ త్రోలు ఇక్కడ బాగా సాయపడతాయి. ఎదురుగా ఎవరూ ఉండరు, దూరం మారదు, చేతి వాటం ఎలాంటిదో నేరుగా తెలుస్తుంది. కవై లెనర్డ్ కాలేజీలో రెండేళ్ళూ త్రీలలో 30 శాతం దాటలేదు. ఫ్రీ త్రోలు మాత్రం నాలుగింట మూడు వేసేవాడు. ఎన్‌బీఏ మొదటి సీజన్‌లోనే త్రీలు 37 శాతం దాటాయి. అతని షాట్‌ను శాన్ ఆంటోనియో కోచ్‌లు సరిచేశారన్నది నిజమే. సరిచేయడానికి లోపల ఏదో ఉందని ఫ్రీ త్రోలు ముందే చెప్పాయి.

ఈ ఏడాది వాళ్ళలో డ్యూక్ యూనివర్సిటీ ఆటగాడు కాన్ నూపెల్ రెండు లెక్కల్లోనూ పైనే ఉన్నాడు, అతని విషయంలో పెద్దగా ఆలోచించేది లేదు. తల పట్టుకోవాల్సింది ఎగోర్ డ్యోమిన్ దగ్గర. బీవైయూలో (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) అతని పాసింగ్ చూస్తే ఎత్తైన పాయింట్ గార్డు. షాట్ మాత్రం పడటం లేదు, సగటు కలిపినా పెద్దగా పైకి రావడం లేదు. పక్కన "నమ్మకం తక్కువ" అని గుర్తు పెట్టాను. తక్కువ ర్యాంకు, తక్కువ నమ్మకం రెండూ వేరు. తక్కువ ర్యాంకు అంటే బాగా ఆడడని తెలిసినట్టు, తక్కువ నమ్మకం అంటే ఇంకా తెలియనట్టు.

మార్చి, ఏప్రిల్ మొదలు

వయసు కాలమ్‌ను సంవత్సరాల్లో కాకుండా దశాంశాల్లోకి మార్చాను. మోడల్‌లో అన్నిటికన్నా బలంగా పనిచేస్తున్నది ఇదే. పువ్వు పుట్టగానే పరిమళిస్తుందని ఊరికే అనలేదు. పద్దెనిమిదేళ్ళ కుర్రాడు ఇరవై రెండేళ్ళ వాళ్ళ మధ్య సగటుగా ఆడినా అది పెద్ద వార్త. ఇరవై రెండేళ్ళవాడు పద్దెనిమిదేళ్ళ వాళ్ళను చితకబాదితే అందులో వింత తక్కువ.

"ఫ్రెష్‌మన్", "సీనియర్" అన్న ముద్రలు ఇందుకు సరిపోవు. కూపర్ ఫ్లాగ్, నూపెల్ ఇద్దరూ డ్యూక్‌లో మొదటి ఏడాది వాళ్ళే. ఫ్లాగ్ పుట్టింది 2006 డిసెంబర్‌లో, నూపెల్ 2005 ఆగస్టులో. మధ్యలో పదహారు నెలల పైచిలుకు. 18 ఏళ్ళకే ఫ్లాగ్ ఆటకు 19.2 పాయింట్లు, 7.5 రీబౌండ్లు, 4.2 అసిస్టులు (తోటివాడి బాస్కెట్‌కు దారితీసిన పాస్‌లు) ఇస్తూ దేశంలోకెల్లా మంచి టీమ్‌లలో ఒకదానికి ప్రధాన ఆటగాడయ్యాడు. అతని ఒకటో స్థానం గురించి ఈ డైరీలో ఇంకేమీ రాయను, రాయాల్సినంత అనుమానం లేదు.

పుట్టిన తేదీలను కూడా గుడ్డిగా నమ్మలేం. 2016లో ఆరో పిక్‌గా వచ్చిన బడ్డీ హీల్డ్ వయసు చాలా చోట్ల ఒక ఏడాది తక్కువగా నమోదైందని 2018 చివర్లో గానీ బయటపడలేదు. ఇంత బలమైన కాలమ్‌లో ఏడాది తేడా అంటే బోర్డులో చాలా మెట్ల తేడా.

మధ్యలో కాలేజీ టోర్నమెంట్ వచ్చింది, దాంతో టెన్షన్. ఫ్లోరిడా గార్డు వాల్టర్ క్లేటన్ జూనియర్ క్వార్టర్ ఫైనల్లో 30, సెమీఫైనల్లో 34 కొట్టాడు. ఫైనల్లో 65–63తో హ్యూస్టన్‌ను ఓడించి ఫ్లోరిడా కప్పు పట్టుకుపోయింది. చూస్తుంటే చేతులు బోర్డు వైపు లాగాయి. కానీ ఆ టోర్నమెంట్‌లో ఆరు ఆటలు, మొత్తం సీజన్‌లో నలభై. ఆరు ఆటలకు ఆరు ఆటల బరువే ఇచ్చాను. క్లేటన్ ఒక మెట్టు ఎక్కాడు, అంతే. అతనికి అప్పటికే 22 నిండాయి.

జట్టు గెలుపోటములను ర్యాంకింగ్‌లో అసలు కలపలేదు. డిలన్ హార్పర్, ఏస్ బెయిలీ ఇద్దరూ ఉన్న రట్గర్స్ ఈ సీజన్ 15 గెలిచి 17 ఓడింది. చుట్టూ షూటర్లు లేకపోతే ఎవరైనా ఇరుకు సందులోనే ఆడాలి. దీనికి రెండో వైపు, తర్వాత స్టార్ అయిన డెవిన్ బుకర్. 2015లో కెంటకీ టీమ్ నిండా ఎన్‌బీఏ కుర్రాళ్ళే, బుకర్ బెంచ్ నుంచి వచ్చి ఆటకు 10 పాయింట్లు వేశాడు. చిన్న పాత్ర ఇచ్చారని చిన్న ఆటగాడనుకుంటే ఇలాంటివాళ్ళు చేజారిపోతారు. అందుకే పాయింట్లకు బదులు, చేతిలో బంతి ఉన్నప్పుడు ఏం చేశాడన్నది వంద పొజెషన్ల (జట్టుకు బంతి దక్కిన వంతుల) లెక్కన చూస్తున్నాను.

ఏప్రిల్ చివర

విదేశీ లీగులు. ఇంత కష్టం వస్తుందనుకోలేదు.

పద్ధతి వినడానికి తేలికే: ఒక లీగ్ నుంచి ఇంకో లీగ్‌కు మారిన వాళ్ళందరినీ తీసుకుని, వాళ్ళ నంబర్లు ఎంత పడ్డాయో చూసి ఒక మార్పిడి రేటు కట్టడం. కానీ పై లీగ్‌కు వెళ్ళేది బాగా ఆడినవాళ్ళే. బాగా ఆడలేని వాళ్ళ మార్పిడి రేటు ఎప్పటికీ తెలియదు. పైగా నిమిషాల సమస్య. పెద్ద యూరోలీగ్ క్లబ్బుల్లో 18 ఏళ్ళవాడు బెంచ్ మీదే ఎక్కువసేపు ఉంటాడు. అక్కడ ఆడించి గెలిపించినవాడు దొరికితే దాన్ని చాలా బలమైన సాక్ష్యంగా తీసుకోవాలి. లూకా డాంచిచ్ 19 ఏళ్ళకే 2018లో యూరోలీగ్ ఎంవీపీ అయ్యాడు, అయినా ఆ ఏడాది మూడో పిక్‌గా వెళ్ళాడు. నా మోడల్ పాత డేటా మీద అతన్ని 2018లో ఒకటో స్థానంలో పెట్టింది. దీనికి మోడల్‌ను పెద్దగా మెచ్చుకోనక్కర్లేదు, డాంచిచ్ నంబర్లు చూస్తే ఏ మోడలైనా అదే చెబుతుంది.

తర్వాత పెద్ద స్టార్ అయిన యానిస్ ఆంటెటోకున్‌పోను మాత్రం పట్టుకోలేదు, పట్టుకోవడానికి దారి కూడా లేదు. గ్రీస్ రెండో డివిజన్‌లో ఆడినవాడికి ఏ మార్పిడి రేటు పెట్టాలి? 2013లో అతను 15వ పిక్, ఒకటో పిక్ లీగ్‌లో నిలవలేకపోయిన ఆంథనీ బెన్నెట్.

ఈ ఏడాది ఇలాంటి చిక్కే చైనా సెంటర్ యాంగ్ హాన్‌సెన్‌తో. నా డేటాలో ఆ లీగ్ నుంచి డ్రాఫ్ట్ అయినవాళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు: 2007లో యీ జియాన్‌లియాన్, 2016లో ఝౌ చీ, ఇంకా ఒకరిద్దరు. యావ్ మింగ్ నా హద్దుకు ముందువాడు. దీంతో రేటు కట్టడం కన్నా నమ్మకం బాగా తగ్గించి వీడియో మీద ఆధారపడటమే నయం. సత్నామ్ సింగ్ వరుస దగ్గరా ఇలాగే ఆగాను. 2015లో 52వ పిక్‌గా, భారత్‌లో పుట్టి డ్రాఫ్ట్ అయిన మొదటి ఆటగాడు. ఫ్లోరిడాలోని ఐఎంజీ అకాడమీ నుంచి నేరుగా వచ్చాడు, పోల్చదగిన నంబర్లు లేవు. ఆ గడులు ఖాళీగానే వదిలేశాను. ఖాళీకీ సున్నాకూ తేడా ఉంటుందని కంప్యూటర్‌కు చెప్పడమే ఈ వారం సగం పని.

మే

మొదటి పిక్‌లు ఏ టీమ్‌లకో తేల్చే లాటరీ అయింది. 1.8 శాతం అవకాశంతో డల్లాస్‌కు ఒకటో పిక్ వచ్చింది. బోర్డుకు దీంతో సంబంధం లేదు, రాసి పెట్టుకుంటున్నానంతే.

షికాగోలో కంబైన్ (డ్రాఫ్ట్‌కు ముందు ఆటగాళ్ళను కొలిచి పరీక్షించే శిబిరం) కొలతలు వచ్చాయి, వీటితో మాత్రం సంబంధం ఉంది. రట్గర్స్ జాబితాలో 6 అడుగుల 10 అంగుళాలున్న బెయిలీ, బూట్లు లేకుండా 6 అడుగుల ఏడున్నర అంగుళాలు తేలాడు. కాలేజీలు ఎత్తు పెంచి రాయడం కొత్త కాదు కానీ రెండున్నర అంగుళాలు ఎక్కువే. తన కన్నా పొట్టివాళ్ళ మీదుగా షాట్లు వేయడమే బలమైనవాడికి ఇది చిన్న విషయం కాదు.

ఎత్తు కన్నా నేను ఎక్కువ చూసేది చేతులు బార్లా చాపితే వచ్చే కొలత, నిలబడి చెయ్యి పైకెత్తితే అందే ఎత్తు. షాట్‌ను అడ్డుకునేది తల కాదు, చెయ్యి. దూకే ఎత్తు, పరుగు సమయాలకు మోడల్ పెద్దగా విలువ ఇవ్వడం లేదు. కాలేజీ ఆటలోని స్టీల్స్, బ్లాక్స్, అఫెన్సివ్ రీబౌండ్లలో ఆ చురుకుదనం ముందే కనిపిస్తుంది కాబట్టి కావచ్చు. బరువులెత్తే పరీక్ష గురించి చెప్పనే అక్కర్లేదు: 2007లో కెవిన్ డురాంట్ 185 పౌండ్లను ఒక్కసారి కూడా ఎత్తలేకపోయాడు.

ఈ నెల ఎక్కువ సమయం తిన్నవాడు సెడ్రిక్ కవర్డ్. కింది స్థాయి డివిజన్ 3 కాలేజీలో మొదలై, ఈస్టర్న్ వాషింగ్టన్‌లో రెండేళ్ళు ఆడి, వాషింగ్టన్ స్టేట్‌కు వచ్చి, భుజం గాయంతో ఈ సీజన్ ఆరు ఆటలే ఆడాడు. కంబైన్‌లో ఎత్తు ఆరడుగుల ఐదు అంగుళాలు, చేతులు చాపితే ఏడడుగుల రెండు అంగుళాలు. అంత పొడవు చేతులతో షాట్ కూడా వేయగలిగినవాళ్ళు అరుదు.

కొద్ది ఆటలతో పైకి వచ్చినవాళ్ళు ఇంతకుముందూ ఉన్నారు. కైరీ ఇర్వింగ్ డ్యూక్‌లో 11 ఆటలు, డేరియస్ గార్లండ్ వాండర్‌బిల్ట్‌లో 5, జేమ్స్ వైజ్‌మన్ మెంఫిస్‌లో 3. అయితే ఆ ముగ్గురికీ హైస్కూల్ నాటి పెద్ద ర్యాంకులున్నాయి. కాలేజీ నంబర్లు లేనప్పుడు మోడల్ ఆ ర్యాంకు మీద వాలుతుంది. కవర్డ్‌కు అదీ లేదు. మోడల్ అతన్ని రెండో రౌండ్ చివరికి తోసింది. అది మోడల్ అభిప్రాయం కాదు, మోడల్ మౌనం. పాత రెండు సీజన్ల నంబర్లను పోటీ స్థాయికి తగ్గట్టు తగ్గించి చేర్చి, కొలతలు కలిపి, మొదటి రౌండ్ మధ్యలోకి తెచ్చాను. పక్కన నమ్మకం గుర్తు అట్టడుగున ఉంది.

జూన్ మొదలు

వీడియోలు. నంబర్లు చూడకముందే అంచనా రాసి పెట్టుకోవడం నియమం, లేకపోతే కళ్ళు నంబర్లు చెప్పిందే చూస్తాయి. ఒక్కొక్కరివీ ఒక చెత్త ఆట, ఒక మామూలు ఆట, గట్టి ప్రత్యర్థితో ఒక ఆట. హైలైట్లు చూడను. కామెంటరీ మ్యూట్.

కొన్నాళ్ళు కుర్రాళ్ళకు కోచింగ్ ఇచ్చిన మిత్రుడొకడు పక్కన కూర్చున్నాడు. బెయిలీ ఆట నడుస్తోంది.

"మొహం మీద చెయ్యి పెట్టినా వేసేస్తున్నాడు చూడు."

"వేస్తున్నాడు సరే, అంత కష్టమైన షాట్లే ఎందుకు ఎంచుకుంటున్నాడు?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత వెనక్కి తిప్పించి, కార్నర్‌లో ఖాళీగా ఉన్నవాణ్ణి చూపించి, "వీడు కనబడలేదంటావా, కనబడినా ఇవ్వలేదంటావా?" అన్నాడు.

మంచి ప్రశ్న. కనబడకపోతే నేర్చుకోవడం కష్టం, ఇవ్వకపోతే అలవాటు మార్చవచ్చు. ఆటకు 1.3 అసిస్టులన్న నంబరు ఈ రెంటిలో ఏదో చెప్పదు. వీడియో విలువ ఇక్కడే. మోడల్ ఇచ్చిన జవాబును కొట్టేయడానికి కాదు, ఆ జవాబు వెనక ఏముందో తెలుసుకోవడానికి. మిగతా వీడియోలూ చూశాక ఇద్దరం "ఎక్కువగా కనబడటం లేదు" వైపే మొగ్గాం.

కాలిన్ మర్రీ-బాయిల్స్ దగ్గర దీనికి తలకిందులు. సౌత్ కరోలైనా ఫార్వర్డ్, ఎత్తు ఆరడుగుల ఆరున్నర అంగుళాలు, త్రీలు దాదాపు వేయడు. మోడల్ మాత్రం మార్కెట్ (మిగతా బోర్డుల అంచనా) కన్నా బాగా పైన పెట్టింది. వీడియోలో కారణం దొరికింది: బంతి ఎక్కడికి వెళ్తుందో డిఫెన్స్‌లో ఒక అడుగు ముందే అక్కడ ఉంటాడు. మిత్రుడు కాగితం మీద ఎవరి నంబర్లూ చూడకుండానే ఇతన్ని మొదటి ఐదుగురిలో రాశాడు.

జూన్ మూడో వారం

పాత డ్రాఫ్టుల మీద పరీక్ష. ప్రతి ఏడాదినీ పూర్తిగా పక్కన పెట్టి, మిగతా ఏళ్ళతో మోడల్ నేర్చుకుని, ఆ ఏడాదిని ఊహించాలి. ఆటగాళ్ళను ఇష్టమొచ్చినట్టు కలిపి రెండుగా చీలిస్తే, ఒకే బ్యాచ్ వాళ్ళు రెండు వైపులా పడి పరీక్ష సులువైపోతుంది.

పోల్చింది నిజంగా జరిగిన డ్రాఫ్ట్ వరుసతో. దాన్ని ఓడించడం తేలిక కాదు. టీమ్‌ల దగ్గర మెడికల్ రిపోర్టులుంటాయి, ఇంటర్వ్యూలుంటాయి. వెన్ను సర్జరీ తర్వాత మైకేల్ పోర్టర్ జూనియర్ 2018లో 14వ స్థానం దాకా జారాడంటే, బయటివాళ్ళకు కనబడని కాగితాలేవో టీమ్‌లు చూశాయి. నా మోడల్ ఒంటరిగా ఆ వరుసకు దగ్గరగా వస్తోంది. పది మంది రాసిన బోర్డుల సగటుతో కలిపినప్పుడే స్పష్టంగా మెరుగవుతోంది. కాబట్టి ఫైనల్ బోర్డు ఆ మిశ్రమమే.

వరుస సంఖ్యల బదులు మెట్లుగా విడదీశాను. మొదటి మెట్టులో ఫ్లాగ్ ఒక్కడే. రెండో మెట్టులో హార్పర్ ఒక్కడే. మూడో మెట్టులో వీజే ఎజ్‌కూంబ్, నూపెల్, మర్రీ-బాయిల్స్ ఇంకొందరు, వీళ్ళలో ఎవరు ముందన్నది నాణెం ఎగరేసినట్టే. 3కూ 6కూ తేడా లేకపోవచ్చు. 1కీ 2కీ మధ్య పెద్ద అగాధం ఉండవచ్చు. ఉత్త ర్యాంకు ఈ రెంటినీ ఒకేలా చూపిస్తుంది. ఇరవై దాటాక మెట్లు ఇంకా వెడల్పు, నలభై దాటాక దాదాపు అందరూ ఒకే మెట్టు.

డ్రాఫ్ట్ తర్వాత

ఫ్లాగ్, హార్పర్, ఎజ్‌కూంబ్, నూపెల్, బెయిలీ, ఇదీ మొదటి ఐదుగురి వరుస. డ్యోమిన్ ఎనిమిదిలో బ్రూక్లిన్‌కు, మర్రీ-బాయిల్స్ తొమ్మిదిలో టొరాంటోకు. కవర్డ్ పదకొండు. తీసుకుంది పోర్ట్‌లాండ్, చేరింది మెంఫిస్. అదే లావాదేవీలో పోర్ట్‌లాండ్‌కు వెళ్ళింది పదహారో పిక్ యాంగ్ హాన్‌సెన్, ఎక్కువ బోర్డుల్లో అతను రెండో రౌండ్. నమ్మకం అట్టడుగున పెట్టిన రెండు పేర్లూ ఒకే ట్రేడ్‌లో చేతులు మారడం సరదాగా ఉంది.

నా బోర్డుకూ డ్రాఫ్ట్‌కూ ఎక్కువ దూరం ఉన్న పేర్లు వేరే షీట్‌లో పెట్టాను: ఎవరు, ఎటువైపు, ఎందుకు, నమ్మకం ఎంత. ఫైల్ లాక్ చేశాను. విదేశీ లీగుల మార్పిడి కోడ్ మొదటి నుంచి తిరగరాయాలి, అది వచ్చే ఏడాది మొదటి పని. జులైలో సమ్మర్ లీగ్ మొదలవుతుంది, ఒక్కో కుర్రాడు మహా అయితే నాలుగైదు ఆటలు ఆడతాడు. ఆ నంబర్లకు షీట్‌లో కాలమ్ పెట్టలేదు.